రేషన్ కార్డులో భార్య

పరాయి సైనికులు వచ్చేసరికి నజీహా పెరట్లో తందూరు దగ్గర రొట్టెలు అంటిస్తోంది. అప్పటికి పొద్దున ఎనిమిది కూడా కాలేదు. తమ్ముడు ఖుదైర్‌ను గోడకేసి నిలబెట్టారు. ముఖానికి ముసుగు కట్టుకున్న దుబాసీ కుర్రాడు చేతిలో కాగితం చూసి పేరు చదివాడు: హాతిం భార్య నజీహా ఎవరు? ఆమె చేతులకంటిన పిండి దులుపుకుని, నేనే అంది. ఇరవై రెండేళ్ల అలవాటు నోట్లోంచి అలా వచ్చేసింది. నిజానికి కాదు అనాల్సింది. ఆమె హాతిం భార్య కాకుండా పోయి పద్నాలుగు నెలలైంది.

తప్పు ఎవరిదీ అని అడిగితే రేషన్ కార్డుదని చెప్పాలి. పిల్లలు కలగలేదని హాతిం ఆమెకు ఇద్దరు సాక్షుల ముందు నోటితో తలాక్ చెప్పాడు. కోర్టులో మాత్రం రాయించలేదు. ఆ రోజుల్లో మా టైగ్రిస్ ఒడ్డున ఎవరూ రాయించేవారు కాదు. రాయిస్తే కార్డు రెండుగా విడగొట్టించుకోవాలి. అందుకు నాలుగు చెక్‌పోస్టులు దాటి ఆఫీసు చుట్టూ ప్రదక్షిణాలు చేయాలి. చేసినన్నాళ్లూ పిండి, చక్కెర, టీ పొడి, నూనె రెండిళ్లకూ బంద్. అందుకని కాపురం విడిపోయినా కార్డు మాత్రం కలిసే ఉంది. నెలనెలా డీలరు దగ్గర నజీహాయే సరుకులు తెచ్చి, సగం తమ్ముడింట్లో దించుకుని, సగం ఆ ఇంటికి పంపేది. మొగుడు వదిలేసినా మొగుడికి పిండి మోయడం తప్పలేదు.

ఆ ఇంట్లోకి వచ్చిన కొత్త భార్య షదాకు పంతొమ్మిదేళ్లు. ఆమె పేరు ఏ కాగితంలోనూ లేదు. ఎక్కించాలన్నా అదే ఆఫీసు, అవే చెక్‌పోస్టులు. పన్నెండు రోజుల క్రితం ఆ పిల్ల మగబిడ్డను కని, నలభై రోజుల పురిటికని ద్రాక్షతోటల్లో తల్లి దగ్గర ఉంది. సైనికులు డీలరు దగ్గర పేర్ల జాబితా పట్టుకుపోయారు కాబట్టి, ఆ లెక్కన హాతింకు ఒక్కతే భార్య. షదా అనే మనిషి వాళ్ల వరకు భూమ్మీదే లేదు.

హాతిం పంపుసెట్ల మెకానిక్కు. రోడ్డు పక్కన బాంబులు పాతేవాళ్లలో అతనూ ఉన్నాడని సైన్యానికి ఎవరో చెప్పారు. నిజమో అబద్ధమో నజీహాకు తెలియదు. కాపురంలో ఉన్నప్పుడే ఎక్కడికి పోతున్నాడో చెప్పేవాడు కాదు, ఇప్పుడు చెబుతాడా? అతను దొరకలేదు. తాళం వేసిన అతని తలుపుకు ఓ కాగితం అంటించారు: వచ్చి లొంగిపో, నీ భార్యను వదిలేస్తాం.

ఆమెను తెచ్చి పెట్టింది పిల్లల బడిలో. సైన్యం దిగినప్పటినుంచీ ఆ బడిలో చదువుల్లేవు. మూడో తరగతి గదిలో అప్పటికే నలుగురు ఆడవాళ్లున్నారు. ఒకామె కొడుకు కోసం, ఒకామె మరిది కోసం, అందరూ ఎవరో ఒక మగవాడి కోసం. వాళ్లలో చిన్నది బద్రియా, అన్న కోసం పట్టుకొచ్చారు, ఒళ్లో నాలుగు నెలల పసిదానితో సహా. భయానికి బద్రియాకు రెండో రోజే పాలు ఎండిపోయాయి. కాపలావాడు జాలిపడి పాలపొడి డబ్బా తెచ్చిచ్చాడు. మంచి నీళ్లెక్కడివి? ట్యాంకరు నీళ్లలో కలిపి పట్టిస్తే పసిదానికి విరేచనాలు పట్టుకున్నాయి. పగలంతా అది ఏడుస్తూనే ఉంటుంది. గొంతు పోయాక కూడా నోరు మాత్రం తెరుస్తూనే ఉంటుంది.

మొదటిరోజు కెప్టెన్ విచారణలో దుబాసీ అడిగాడు.

"నీ మొగుడు ఎప్పుడొస్తాడు?"

"ఇరవై రెండేళ్లు నేనూ అదే అడిగాను బాబూ. నీకేమైనా తెలిస్తే నాకూ చెప్పు."

ముసుగు వెనక కుర్రాడికి నవ్వొచ్చిందని కళ్లను బట్టి తెలిసింది. కెప్టెన్‌కు మాత్రం ఆ మాట మార్చి చెప్పలేదు, తెలియదంటోంది అని ముగించాడు. తలాక్ సంగతి ఆమె ఆరోజు చెప్పలేదు. నన్ను నా మొగుడు వదిలేశాడు అని పరాయి మగాళ్ల ముందు చెప్పుకోవడానికి సిగ్గేసింది, అంతే. రెండో రోజు చెబుదామనుకుంది. అప్పటికి బద్రియా పసిదాని సంగతి చూసింది. నేను కాదంటే మరి ఎవరని అడుగుతారు. ఎక్కడుందని అడుగుతారు. తను చెప్పకపోయినా బజార్లో ఎవరో ఒకడు చెబుతాడు.

షదా మీద ఆమెకు ప్రేమ ఉందనుకోవద్దు. తన పుట్టింటివాళ్లు పెట్టిన రాగి గంగాళంలో ఆ పిల్ల నీళ్లు కాచుకుంటోందని తెలిసినరోజు నజీహా అన్నం ముట్టలేదు. నీ కడుపు కాలా అని ఒకసారి కాదు, చాలాసార్లు తిట్టుకుంది. తిట్టుకోవడం వేరు, పన్నెండు రోజుల బాలింతను తెచ్చి ఈ సిమెంటు గచ్చు మీద పడేయించడం వేరు. ఎటూ తేలక, తమ్ముడు వచ్చి ఏదో ఒకటి చేస్తాడులే అనుకుని ఊరుకుంది. ఆలోచించే ఓపిక కూడా ఆమెకు లేదు.

నాలుగో రోజు ఖుదైర్ వచ్చాడు. వెంట తెగ పెద్ద షేక్ మిజ్హిర్ ఉన్నాడు. నజీహానూ పిలిపించారు. హెడ్‌మాస్టర్ గదిలో కెప్టెన్ బల్లకు అటు, వీళ్లు ఇటు. నాలుగు రోజుల్లో ఖుదైర్ సగమైపోయాడు. తోబుట్టువు పరాయి సైనికుల దగ్గర రాత్రిళ్లు గడుపుతోందంటే మావైపు మగవాడు బజార్లో తలెత్తలేడు. ఊరి నోటికి మూత ఎవరు పెడతారు? అతను తలాక్ సాక్షుల చేత రాయించిన ఓ కాగితం తీసి బల్లమీద పెట్టాడు. తన అక్కకు తలాక్ అయి పద్నాలుగు నెలలైందనీ, ఇందుకు షేక్‌గారే సాక్ష్యమనీ, హాతింకూ ఆమెకూ ఏ సంబంధమూ లేదనీ గడగడా చెప్పేశాడు. దుబాసీ దాన్ని మార్చి చెప్పాడు. కెప్టెన్ షేక్ వైపు చూశాడు, ఔనా అన్నట్టు.

షేక్ గొంతు సవరించుకున్నాడు. తలాక్ అయినమాట నిజమేనన్నాడు. కానీ నిన్న హాతిం దగ్గరనుంచి కబురొచ్చిందట. మూడు నెలల ఇద్దత్ గడువు దాటకముందే, ఇద్దరు సాక్షుల ఎదుట, నజీహాను తిరిగి భార్యగా తీసుకున్నానని హాతిం అన్నాడట. ఆ ఇద్దరూ నిన్న షేక్ చావడికి వచ్చి ప్రమాణం కూడా చేశారట. గడువులోపు మొగుడు తిరిగి తీసుకుంటే ఆమె ఒప్పుకోనక్కర్లేదు, ఆమెకు వినపడనక్కర్లేదు కూడా. కనుక ఆమె హాతిం భార్యే.

ఖుదైర్ నోరు వెళ్లబెట్టాడు. దారిపొడుగునా పక్కనే కూర్చుని వచ్చిన మనిషి ఈ ముక్క ఒక్కసారి కూడా అనలేదు. వాళ్లిద్దరూ హాతిం పినతండ్రి కొడుకులనీ, వాడు చెప్పమంటే సూర్యుడు పడమట పొడిచాడని చెబుతారనీ అరిచాడు. కాపలావాడు ఒక అడుగు ముందుకేస్తే నోరు మూసుకున్నాడు.

 ఆ మూడు నెలలూ నజీహా ఎదురుచూసింది. ఇది ఎవరికీ తెలియదు. తమ్ముడింటి వీధి తలుపుకు గడియ పెట్టనిచ్చేది కాదు, గాలి రావాలని చెప్పేది. అతను వస్తాడని, ఆ ఒక్కమాట అంటాడని, తొంభై రోజులు చెవులు రిక్కించుకుని కూర్చుంది. గడువు తీరిన రోజున తనే లేచి గడియ వేసింది. ఆరోజు రాని మాట ఇవాళ వచ్చింది. షదాను దాచడానికి ఒక భార్య కావలసివచ్చి వచ్చింది.

"షేక్‌గారూ, ఏరోజు తీసుకున్నాడట నన్ను?"

"రెండో నెల చివర్లో. శుక్రవారం నమాజు అయ్యాక."

"ఆ శుక్రవారమే ఓ కొత్త మంచాన్ని బండిమీద వేసుకుని మా వాకిట్లోంచి పోయాడు. ఆగి మాతో ఓ ముక్క చెబితే పోయేది కదా."

షేక్ తల దించుకున్నాడు. చెడ్డమనిషి కాదు. నిన్నటినుంచీ ఆయనకూ నిద్రలేదని ముఖం చెబుతోంది. మెల్లిగా, దుబాసీకి వినపడకూడదన్నట్టు అన్నాడు.

"రానివాడి తల్లీ, అది పచ్చి బాలింత. నువ్వు ఓర్చుకోగలవు."

పిల్లలు పుట్టని ఆడదాన్ని మావైపు అలాగే పిలుస్తారు, ఎప్పుడో వస్తాడన్న బిడ్డ పేరు మీద, మర్యాదకే. నజీహాకు ఆ పిలుపు కొత్త కాదు. ఓర్చుకోగలవు అన్నదే కొత్తగా తగిలింది. అందరూ కలిసి కూర్చుని తన ఓర్పును కొలిచి, ఇంకా మిగిలి ఉందని తేల్చి, మరో నాలుగు బస్తాలు ఎత్తారు. ఆమెకు కోపం వచ్చింది. చాలా రోజుల తర్వాత అంత కోపం వచ్చింది.

కెప్టెన్‌కు విసుగు పుట్టినట్టుంది. వీళ్ల పెళ్లిళ్లూ పెటాకులూ తనకు అక్కర్లేదనీ, ఒకటే మాట చెప్పమనీ అన్నాడు. భార్య కాకపోతే ఇప్పుడే తమ్ముడితో ఇంటికి పోవచ్చు, కానీ భార్య ఎవరో, ఎక్కడుందో చెప్పి పోవాలి. భార్య అయితే మొగుడు వచ్చేదాకా ఇక్కడే ఉండాలి. దుబాసీ చెప్పడం ముగించి, తన మాటగా ఒకటి చేర్చాడు.

"ఆలోచించుకుని చెప్పమ్మా. హాతిం రాకపోతే ఎన్నాళ్లో నాకూ తెలీదు."

"అక్కా, కాదను. ఒక్కమాట. కాదను చాలు," అన్నాడు ఖుదైర్.

గది కిటికీలోంచి పసిదాని ఏడుపు వినిపిస్తోంది. ఈ నాలుగు రోజుల్లో అది ఇంకా సన్నబడింది.

"భార్యనే. రాసుకో," అంది నజీహా.

దుబాసీ రాసుకున్నాడు. ఖుదైర్ గోడవైపు తిరిగిపోయాడు. షేక్ పెద్ద ఊపిరి వదిలి, అల్లా నీకు మేలు చేస్తాడని లేవబోయాడు.

"కూర్చోండి షేక్‌గారూ, నా మాట కాలేదు. నిన్నటిదాకా నేను ఖుదైర్ అక్కను. నేనిక్కడుంటే పోయింది వాడి పరువు. ఇవాళ మీరే నన్ను హాతిం భార్యను చేశారు. మరి ఇప్పుడు పోయింది ఎవరి పరువు?"

 జవాబు ఆ గదిలో కెప్టెన్‌కు తప్ప అందరికీ తెలుసు. ఇంటి ఆడది పరాయివాళ్ల చేతిలో ఉంటే, ఆమె తిరిగొచ్చేదాకా ఆ మగవాడు తలగుడ్డ మీది నల్లతాడు తీసేయాలి. తాడు లేనివాడికి చావడిలో చోటు లేదు, కాఫీ అందదు, అతనితో ఎవరూ బేరమాడరు, పిల్లనివ్వరు. ఇది ఆమె పుట్టించింది కాదు, షేక్ తాత ముత్తాతలు పెట్టిందే.

"వాడు ఏ తోటలో దాక్కున్నా తాడు తీయించండి," అంది నజీహా. "తిరిగి తీసుకున్నాడని సాక్ష్యం చెప్పిన ఇద్దరివీ తీయించండి. ఆ పిల్లను మాత్రం ఏమీ అనొద్దు, దానికేం తెలుసు. నేను బయటికొచ్చిన రోజు ముందు కోర్టుకు పోయి తలాక్ రాయిస్తాను, నాలుగు కాదు నలభై చెక్‌పోస్టులున్నా. అప్పటిదాకా నేను వాడి భార్యనని ఊరంతా చాటించండి."

 షేక్ ఎదురు చెబుతాడనుకున్నాడు ఖుదైర్. చెప్పలేదు. నిన్న తన చావడిలో ఆ ప్రమాణం చేయించుకున్నది ఆయనే. రెండు చేతులూ ఎత్తి తలమీది నల్లతాడు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. తెల్ల తలగుడ్డ ముఖం మీదికి జారితే వెనక్కి తోసుకున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి ఒక్కసారిగా ఇంకా ముసలివాడిలా కనిపించాడు.

ఏం చేస్తున్నాడాయన అని కెప్టెన్ అడిగాడు. దుబాసీ, ఉక్కపోస్తోందంటున్నాడని చెప్పాడు.

కాపలావాడు ఆమెను మూడో తరగతి గదికి తీసుకొచ్చి తలుపు వేశాడు. హాతిం రాడని ఆమెకు తెలుసు. తాడు తీసేసినా రాడు, తన ప్రాణం అతనికి తీపి. ఎన్ని వారాలో, ఎన్ని నెలలో. కాళ్లు లాగుతుంటే గోడకు చేరబడి కూర్చుంది. బద్రియా ఆత్రంగా దగ్గరికి జరిగింది.

"ఏమన్నారు వదినా? ఇంటికి పంపిస్తున్నారా?"

"లేదమ్మా," అంది నజీహా. "నాకు మళ్లీ పెళ్లి చేశారు."

బద్రియాకు అర్థం కాలేదు. నజీహా చేతులు చాపి పసిదాన్ని తన ఒళ్లోకి తీసుకుని, నువ్వు కాసేపు పడుకో అంది.