ఆగిన చేతులు

హైదరాబాద్‌లోని ఒక పెద్ద యూనివర్సిటీలో వృక్షశాస్త్రం అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు నాకు పిలుపొచ్చింది. ఇంటర్వ్యూలో పాఠం చెప్పి చూపించాలి. ముందురోజు మా ఊరు ఎల్లారెడ్డిలో, మా అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్ల ముందు సాధన మొదలుపెట్టాను. టీవీ చూస్తున్నా, పోట్లాడుకుంటున్నా వాళ్ల చేతులు ఆగవు. నా ల్యాప్‌టాప్‌లోని బొమ్మలకూ ఆగలేదు. మా అమ్మయితే ఆవులించింది.

నాకు ఒళ్లు మండింది. ల్యాప్‌టాప్ మూసేసి, అమ్మ చాటలోంచి ఒక తునికాకు లాక్కుని వెలుతురుకు పట్టాను. ఇది చెట్టున ఉన్నప్పుడు ఈనెల గుండా నీళ్లు ఎలా పాకేవో, ఎండ ముదిరితే ఆ నీళ్లు ఆవిరైపోకుండా ఆకు తన సన్నటి రంధ్రాలను ఎలా మూసుకునేదో చెప్పుకుంటూ పోయాను.

కాసేపటికి ఆకులు కోసే కత్తెరల చప్పుడు వినిపించలేదు.

“ఇగ ఆపు బిడ్డా, చేతులు ఆడుతలేవు,” అంది పక్కింటి భూదవ్వ. “రేపు ఆళ్లకు గూడ గిట్లనే చెప్పు.”

మరునాడు ఇంటర్వ్యూ గదిలో ప్రొఫెసర్లందరూ తలలు వంచుకుని ఏదో రాసుకుంటున్నారు. నేను సంచిలోంచి తునికాకు తీసి మాట మొదలుపెట్టాను.

ముందుగా, చివరి కుర్చీలో ఉన్నామె పెన్ను ఆగింది.