మణికట్టు దాటిన చుట్టరికం

కొడుకు అంగీ చెయ్యి పైకి మడవడం చూసేసరికే రిఖెంజాకు ఒళ్ళు మండిపోయింది. నలభై ఏళ్ళ డ్యూక్ బెర్టోల్ఫ్, నిండు సభలో బిషప్ ముందు నిలబడి, తన చేతి కీళ్ళ మీద, తరానికో కీలు చొప్పున, వంశం లెక్కపెడుతున్నాడు.

“మెడ దగ్గర గిజ్లా, హాద్విగ్, అక్కచెల్లెళ్ళు. భుజానికి గిజ్లా కూతురు ఇమ్మా, మా అమ్మమ్మ. మోచేతికి మా అమ్మ. మణికట్టుకి నేను. అటు హాద్విగ్ మునిమనవరాలు, నా భార్య ఓడా, తనదీ మణికట్టే. మణికట్టు వరకు ఉన్న చుట్టరికంలో పెళ్ళి చెల్లదు కదా, స్వామీ?”

“పదకొండేళ్ళు పక్కలో పడుకున్నప్పుడు ఏమైందిరా ఈ మణికట్టు?” అంది రిఖెంజా.

సైనికులు నవ్వు దిగమింగారు. బెర్టోల్ఫ్ చెవులు ఎర్రబడ్డాయి.

“అప్పుడు తెలీదమ్మా. ఇప్పుడు తెలిసింది.”

తెలిసింది నిజమే. పక్క సీమ ప్రభువు చచ్చిపోయాడనీ, ఆయన భార్యకు ఉప్పు గనులు మిగిలాయనీ తెలిసింది. ఓడా ముగ్గురు ఆడపిల్లల్ని మాత్రమే కన్నదని అంతకుముందే తెలుసు. ఇక ఓడా సన్యాసినుల మఠానికి. పిల్లలు సవతితల్లి చేతికి.

“లెక్క ఇదేనని పెద్దవారు ప్రమాణం చేస్తే చాలమ్మా,” అన్నాడు బిషప్. ఆయనే లేచి తన పీట ఆవిడ వైపు జరిపాడు. ఆవిడ కూర్చోలేదు.

గోడవారగా ఓడా ఉంది. చలికాలమంతా అత్తగారి పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఉన్నిగుడ్డతో రుద్దే పిల్ల. ఇప్పుడు తలెత్తడం లేదు.

లెక్క తప్పని రిఖెంజా ఒక్కదానికే తెలుసు. చెప్పాలంటే తల్లి సమాధి తవ్వినట్టే. ఇమ్మా చనిపోతూ చెప్పిన మాటను యాభై ఏళ్ళు గుండెలో దాచుకుంది. దాన్ని ఈ గాడిద నా నోటితో చెప్పిస్తున్నాడే అని పళ్ళు కొరికింది.

“నీ చెయ్యి ఇలా తే!” కొడుకు భుజం పట్టుకుంది. “ఇక్కడ ఇమ్మా కాదు. గిజ్లా కూతురు మటిల్డా. పెళ్ళికాకుండానే గుర్రాలవాడికి కన్నది మా అమ్మని. గిజ్లా కడుపుకి దిండు కట్టుకుని, తనే కన్నానని ఊరిని నమ్మించింది. మోచేతికి మా అమ్మ ఇమ్మా. మణికట్టుకి నేను. నువ్వు ఇదిగో, ఈ వేలి కణుపు దగ్గర!”

కణుపును గట్టిగా నొక్కింది. బెర్టోల్ఫ్ చెయ్యి లాక్కున్నాడు.

“మతి పోయిందా నీకు? నా మనుషుల ముందు నన్ను గుర్రాలవాడి సంతతిని చేస్తావా?”

“నేను చెయ్యలేదురా, పుట్టావు. మా అమ్మ పరువు నీ ఉప్పుకి తూకం వేయించావు, ఛీ!”

శిలువ మీద చెయ్యి వేసి ప్రమాణం చేసింది. సొంత తల్లికి మచ్చ తెస్తూ ఎవరూ అబద్ధం ఆడరని బిషప్‌కు తోచింది.

“ఇద్దరిలో దూరమున్నవారి లెక్కే లెక్క. మణికట్టు దాటింది. పెళ్ళి చెల్లుతుంది,” అన్నాడు.

బెర్టోల్ఫ్ బల్లను తన్ని వెళ్ళిపోయాడు. ఓడా వచ్చి అత్తగారి కాళ్ళ దగ్గర కూలబడింది.

“అత్తయ్యా, నాకోసం మీ అమ్మగారిని...”

“ఆ మాటెత్తకు,” కసిరింది రిఖెంజా. కోపం ఇంకా చల్లారలేదు. “లే ముందు. పిల్లలు పైన ఏడుస్తున్నారు. వెళ్ళు.”