రెండో మీటరు

మా కార్ల కంపెనీలో ఒక గోడకి అటు అక్క, ఇటు నేను. అటువైపు హైడ్రోజన్ విభాగం, ఇటువైపు బ్యాటరీ విభాగం. హైడ్రోజన్‌ని గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి కరెంటు పుట్టించే పెట్టె అక్క చేతిలో పదకొండేళ్ళుగా రూపుదిద్దుకుంటోంది. ఆ కారు వెనక గొట్టంలోంచి పొగ రాదు, ఆవిరీ నాలుగు నీటి చుక్కలూ వస్తాయి, అంతే. అందుకే కంపెనీలో అందరూ ఆమెని ‘ఆవిరక్క’ అనేవారు. నన్ను ‘ఛార్జరు’ అనేవారు. భోజనాల బల్ల దగ్గర మేమిద్దరం ఎదురుపడితే చాలు, చుట్టుపక్కల కుర్చీలు దగ్గరికి జరిగేవి.

“ఏరా, నీ బండి పూర్తిగా ఛార్జయ్యేలోపు నేను భోంచేసి, ఓ కునుకు తీసి రావచ్చా?” అనేది అక్క.

“నీ బండికి గ్యాసు దొరికే బంకు వెతుక్కునేసరికి రెండు కునుకులవుతాయిలే,” అనేవాణ్ణి నేను.

కంపెనీ కొత్త కారుకి ఈ రెంటిలో ఏదో ఒకటే పెట్టాలని డైరెక్టరు తేల్చేశాడు. ఒకే రకం కార్లు రెండు తయారుచేయించాడు. ఒకదాంట్లో మా బ్యాటరీ, రెండోదాంట్లో అక్క పెట్టె. చలికాలంలో, నాలుగువందల కిలోమీటర్ల కొండదారి. నడిపే మనిషి ఒకరే అయితే తేడా తెలుస్తుందన్నారు. ఎవరికీ మొగ్గు చూపని డ్రైవరు ఎక్కడ దొరుకుతాడని తర్జనభర్జన పడుతుంటే, స్టోర్సు గుమాస్తా నవ్వుతూ అన్నాడట, “వాళ్ళమ్మని పిలవండి. అటు కూతురు, ఇటు కొడుకు. ఆవిడ ఎవరివైపు మొగ్గుతుంది?”

అమ్మ ఇరవై ఎనిమిదేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరయిన మనిషి. కబురు వినగానే బీరువాలోంచి పాత చేతి తొడుగులు తీసింది.

మొదటిరోజు బ్యాటరీ కారు. బయల్దేరడం బాణంలా బయల్దేరింది. కొండ ఎక్కాక చలికి బ్యాటరీ బలం తగ్గింది. దిగివస్తూ దారిలో ముప్ఫై ఎనిమిది నిమిషాలు ఆగి ఛార్జింగు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ నిమిషాలన్నీ వెనక సీట్లో కూర్చుని నేను గోళ్ళు కొరుక్కున్నాను. అమ్మ మాత్రం తీరిగ్గా అద్దాలు తుడిచింది.

రెండోరోజు అక్క కారు. ఎక్కడా ఆగలేదు. వెళ్ళి, తిరిగి వచ్చి, ఆవరణలో నిలబడింది. ట్యాంకు నింపడానికి అయిదు నిమిషాలు పట్టింది. హైడ్రోజన్ విభాగంలో ఈలలు, చప్పట్లు. అందరికంటే ఎక్కువ పొంగిపోయింది ట్యాంకు మేస్త్రి. కారు టైర్లో ఉండే ఒత్తిడికి మూడువందల రెట్లు తట్టుకోవాల్సిన ఆ ట్యాంకుల్ని ఒక్కొక్కటిగా తన చేత్తో బిగించిన మనిషి ఆయన. కారు ముక్కు మీద చెయ్యేసి, పిల్లని నిమిరినట్టు నిమిరాడు.

ఆ సంబరంలో అక్క కనబడలేదు. వెతికితే, ఆవరణ వెనక షెడ్డు దగ్గర దొరికింది. నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే యంత్రం అక్కడుంది. ఆ యంత్రానికో మీటరు, వచ్చిన గ్యాసుని ట్యాంకులోకి తొక్కే పంపుకి రెండో మీటరు. రెంటి ముందూ నిలబడి పుస్తకంలో అంకెలు రాసుకుంటోంది.

“అక్కా, గెలిచావు. అక్కడందరూ నీకోసం చూస్తున్నారు,” అన్నాను. గొంతులో కొంచెం ఉక్రోషం ఉందేమో కూడా.

“ఉండరా,” అంది, తలెత్తకుండా.

వారం తర్వాత కమిటీ కూర్చుంది. కమిటీ ఇచ్చిన ఫారంలో నాలుగే గడులు: ఎంత దూరం పోయింది, నింపడానికి ఎంతసేపు పట్టింది, బరువెంత, చలికి ఎలా ఉంది. నాలుగింటిలోనూ అక్కదే పైచేయి. నేను చెప్పాల్సింది ముందే చెప్పేసి, ఓడినవాడిలా కూర్చున్నాను. అక్క లేచి ఆ నాలుగూ చదివింది. తర్వాత, ఫారంలో లేని ఒక కాగితం తీసింది.

“ఇంకో లెక్క ఉందండీ. అదే దారికి బ్యాటరీ కారు ఛార్జింగుకి తీసుకున్న కరెంటు ఎనభై నాలుగు యూనిట్లు. నా కారుకి కావాల్సిన హైడ్రోజన్ తీయడానికీ, దాన్ని ట్యాంకులోకి తొక్కడానికీ కలిపి పట్టిన కరెంటు రెండువందల ఇరవై ఎనిమిది యూనిట్లు.”

డైరెక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇది ఫారంలో అడగలేదు కదమ్మా.”

“అడగలేదండీ. కానీ ఆ కరెంటు ఎక్కడో ఒకచోట పుట్టాలి కదా. నా ఒక్క కారు తిరిగే కరెంటుతో దాదాపు మూడు బ్యాటరీ కార్లు తిరుగుతాయంటే, రోజూ ఆఫీసుకీ బజారుకీ తిరిగే మనిషికి నా కారు కొనమని నేను చెప్పలేను. మామూలు కారుకి బ్యాటరీయే మంచిది.”

“పదకొండేళ్ళు చేశారు. ఈ మాట ఇప్పుడా చెప్పేది?”

“మన ఆవరణలో ఈ యంత్రం పెట్టింది మొన్నమొన్నే. అంతకుముందు గ్యాసు బయటినుంచి సిలిండర్లలో వచ్చేది. వృథా ఉంటుందని చదువుకున్నదే, పెట్టె బాగుపడేకొద్దీ తగ్గుతుందనుకున్నాను. సొంతంగా కొలిచి చూసుకున్నాక కూడా దాచుకుంటే ఎలాగండీ?”

నాకు కూర్చున్న కుర్చీ ఇరుకైపోయింది. ఆ లెక్క గురించి నాకూ తెలుసు. అక్క గెలుపుకి నేను అడ్డుపడితే బాగోదని నోరు మూసుకున్నాను, అంతే. ఆమె నా పని కూడా తనే చేసింది.

కారుకి బ్యాటరీ ఖాయమైంది. హైడ్రోజన్ విభాగంలో సగంమందిని మావైపు పంపించారు. మిగిలినవాళ్ళకి వెనక షెడ్డు ఇచ్చారు. ట్యాంకు మేస్త్రి ఆరోజు అక్క ఎదుటికి వచ్చి, పనిముట్ల సంచి నేలమీద పడేశాడు.

“మన కొంప మన చేత్తోనే కూల్చారు కదా మేడమ్.”

“మేస్త్రిగారూ, మీరు బిగించిన ట్యాంకు ఇన్నేళ్ళలో ఒక్కసారైనా కారిందా?”

“లేదు.”

“మరి? మీ పనికి వంక పెట్టింది ఎవరు? మనం దాన్ని పెట్టిన చోటు సరికాదు. సరైన చోటుందో లేదో నాకూ తెలీదు. వెతుకుదాం, కొలుద్దాం. మీరు ఉంటారా?”

ఆయన సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున అక్కకంటే ముందు షెడ్డు తలుపు తీసింది మాత్రం ఆయనే.

ఇంట్లో అక్క మామూలుగానే ఉన్నట్టు కనిపించింది. కాని కడిగిన గ్లాసునే మళ్ళీ మళ్ళీ కడుగుతుంటే అమ్మ వచ్చి కుళాయి కట్టేసింది.

“నాకు నీ కారే నచ్చిందే. మెత్తగా, చప్పుడు లేకుండా, ఎక్కడా ఆగకుండా. అయినా నువ్వు చెప్పిందే రైటు. ఇన్నేళ్ళు బస్సు నడిపాను. తప్పు రూటులో పోతున్నామని తెలిశాక, జనమంతా చూస్తుండగా బండి వెనక్కి తిప్పడమెంత కష్టమో నాకు తెలుసు. నువ్వు తిప్పావు.”

అప్పుడు ఏడ్చింది అక్క. అమ్మ భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లలా.

ఏడాదిన్నర తిరిగేసరికి ఆ షెడ్డులోంచి ఒక లారీ బయటికొచ్చింది. కొండల్లో ఒక గని ఉంది. దాని పక్కనే జలవిద్యుత్ కేంద్రం. వానాకాలమంతా అక్కడ వాడుకునేవాళ్ళు లేక కరెంటు మిగిలిపోతుంది. ఆ మిగులుతో హైడ్రోజన్ తీసి, మూడు షిఫ్టులూ ఆగకుండా తిరిగే లారీలకి పోస్తే ఎలా ఉంటుందని అక్క ఆలోచన. బ్యాటరీతో అయితే దాని బరువే సరుకు చోటు తినేస్తుంది. ఈ లెక్క నాచేతే వేయించింది. వారంరోజులు తప్పులు వెతికాను. దొరకలేదు.

ఇరవై ఎనిమిది టన్నుల రాయితో లారీ కనుమ ఎక్కే రోజున గనివాళ్ళు, విద్యుత్ కేంద్రంవాళ్ళు అందరూ వచ్చారు. లారీ పైకెక్కి, మలుపు తిరిగి, మాకు చేతికందేంత దగ్గరగా వచ్చి ఆగింది. గని మేనేజరు ఇంకా అనుమానంగానే ఉన్నాడు. ట్యాంకు మేస్త్రి దగ్గరికి వెళ్ళి ఆయన్ని అడిగాడు, “అంకెలన్నీ బాగానే ఉన్నాయి గానీ, నమ్మొచ్చంటారా?”

మేస్త్రి ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. చెయ్యి చాచి అక్కని చూపించాడు.

“సార్, మా హైడ్రోజన్ పెట్టె కారుకి పనికిరాదని చెప్పింది ఎవరనుకున్నారు? వేరేవాళ్ళు కాదు, దాన్ని తయారుచేసిన ఆవిడే. మాకందరికీ ఒళ్ళు మండినా సరే, నిండు సభలో చెప్పింది. ఆవిడ ఈ లారీకి పనికొస్తుందని అంటోంది. ఇంకేం కావాలి మీకు?”

మేనేజరు అక్కవైపు చూసి, కలం తీసి కాగితాల మీద సంతకం పెట్టాడు.

అక్క ఇదేమీ వినలేదు. లారీ కింద వంగి, గొట్టంలోంచి కారుతున్న నీళ్ళని కొలత గ్లాసులో పడుతోంది. మోకాళ్ళ దాకా బురద. విద్యుత్ కేంద్రం నుంచి వచ్చిన ఒక ఇంజనీరు నా పక్కన నిలబడి అడిగాడు, “ఎవరండీ ఆవిడ?”

బయటివాళ్ళు ఎవరడిగినా ఎప్పుడూ ‘అటువైపు విభాగం’ అనో, ‘ఆవిరక్క’ అనో తప్పించుకునేవాణ్ణి.

“మా అక్కండీ,” అన్నాను, అవసరం లేకపోయినా కాస్త గట్టిగానే. “నా సొంత అక్క.”