వెనక సీటు మాట

మా ఇంట్లో జీపు ఎక్కడానికి ఒక పద్ధతి ఉంది. మగవాళ్లు ముందు, తోలుతుంటే తప్ప ఆడవాళ్లు వెనక. ఎవరూ గోడ మీద రాసి పెట్టలేదు. కానీ మా తమ్ముడు దామోదర్ ముందు సీట్లో కూర్చుని తలుపు ధన్‌మని వేసుకున్నాక ఇంక రాసేదేముంది? నేను వాడికంటే పెద్దదాన్ని. వాడికి అన్నం కలిపి పెట్టి, ముక్కు తుడిచి బడికి పంపినదాన్ని. అయినా ఈ మోకాళ్లతో వెనక తలుపు నుంచి పాకి, ఇరుసు మీదున్న బల్ల సీట్లో కూర్చోవాల్సింది నేనే. చాలదన్నట్టు మొన్న సంక్రాంతి దాటాక ఆ జీపు ఎత్తు కూడా పెరిగింది.

పెంచింది మా మేనకోడలు మనస్విని, దామోదర్ కూతురు. సూర్యాపేటలో పాలిటెక్నిక్ చదివింది, హైదరాబాద్‌లో ఒక సర్వీస్ సెంటర్లో కొన్నాళ్లు చేసింది, ఇక ఒకరి కింద చేయనని కోదాడకు తిరిగొచ్చింది. పాత జీపుల్ని ఎత్తు చేసి, పెద్ద చక్రాలు వేసి, రాళ్లలో బురదలో తిరిగేలా తయారు చేయడం దాని పిచ్చి. మఠంపల్లి వైపు సున్నపురాయి గుట్టల మీదికి ఆదివారాలు జీపులెక్కించే కుర్రాళ్లు బోలెడుమంది ఉన్నారు. వాళ్లకు ఆ పని కావాలంటే హైదరాబాద్ పోవాలి. హుజూర్‌నగర్ రోడ్డు మీద మాకు రెండు షట్టర్లున్నాయి. ఒకదాంట్లో మనస్విని అన్న ప్రవీణ్ ఎరువుల దుకాణం, రెండోది ఖాళీ. ఆ ఖాళీది ఇస్తే వర్క్‌షాప్ పెట్టుకుంటానంది మనూ.

దామోదర్ అవుననలేదు, కాదనలేదు. ముందు మన జీపు చేసి చూపించు, చూద్దాం అన్నాడు. అంతే, అది పెరట్లో చాప పరుచుకుని జీపు కిందికి దూరింది. ఇరుసు మీద బండి బరువు మోసే కమాన్ కట్టలు పాతవి తీసేసి, ఎత్తుగా ఉండే కొత్తవి బిగించింది. పెద్ద టైర్లు వేసింది. గ్రీజు మరకల మొహంతో అది బయటికొచ్చేసరికి జీపు ఠీవిగా నిలబడి ఉంది. నాకు మాత్రం ఎక్కడానికి కాలు అందలేదు. నా గొడవ పడలేక వడ్రంగి దగ్గర ఒక పీట చేయించి, తాడు కట్టి వెనక సీటు కింద పెట్టింది. దామోదర్ దానికి అక్క సింహాసనం అని పేరు పెట్టి, వచ్చినవాళ్లందరికీ చూపించి నవ్వాడు.

జీపు పాలకీడు పొలం దారుల్లో లేడిపిల్లలా పోయింది. హైవే ఎక్కి వేగం అందుకోగానే మొదలైంది అదురు. నా సీటు కింద నుంచి సన్నగా బయల్దేరి, నడుములోకి, అక్కడి నుంచి పళ్లలోకి వచ్చింది. గ్రైండర్ మీద కూర్చోబెట్టి స్విచ్ వేసినట్టుంది. అదురుతుందిరా అన్నాను. గ్యాస్ అయి ఉంటుంది, సోడా తాగమన్నాడు దామోదర్. స్టీరింగ్ నిమ్మళంగానే ఉంది కదా అత్తా అంది మనూ. ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చెవిన పెట్టలేదు. సోడాలు తాగీ తాగీ నాకు నిజంగానే గ్యాస్ పట్టుకుంది.

చివరికి అది జబ్బని తేల్చింది బీరప్ప. దామోదర్‌కు పాత దోస్తు, గొర్రెల సంఘంలో పెద్ద మనిషి. ఒక పెళ్లికి పోతూ ముందు చోటు లేక నా పక్కన కూర్చున్నాడు. సూర్యాపేటలో దిగి, నలుగురూ వింటుండగా, "దామోదర్, మీ బిడ్డ బండి మంచిగ చేసింది గని దీనికి వణుకుడు రోగం తెచ్చింది" అన్నాడు. నేను నెల్లాళ్లుగా మొత్తుకుంటే గ్యాస్ అయింది, బీరప్ప ఒక్కసారి అంటే రోగమైంది. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ మనూ మొహం చూశాక నా మంట నేనే మింగాను. అది పాలిపోయి నిలబడి ఉంది.

ఆ మర్నాడే ఒక టైల్స్ వ్యాపారి ఆ షట్టర్ కిరాయికి అడిగాడు. సోమవారం వచ్చి ఖాయం చేసుకుంటానన్నాడు. దామోదర్ కూతుర్ని పిలిచి కూర్చోబెట్టాడు.

"సూడు బిడ్డా, నేను అన్యాయం చెయ్య. ఆదివారం దాక నీకు టైమిస్తున్న. కోదాడ నుంచి సూర్యాపేట దాక నా చేతిల చాయ్ తొణకకుండ తీస్కపో. షట్టర్ నీదే. తొణికిందా, టైల్స్ ఆయనది. ఆ జీపును మళ్ల మామూలుగ కిందికి దించుతవ్."

అది సరేనంది. అలా అన్నాక రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు సూర్యాపేటలో టైర్ల దుకాణానికి పోయాం. వాళ్లు చక్రాలు మిషన్ మీద తిప్పి, తేడా ఉన్నచోట సీసపు ముక్కలు అంటించారు. దుకాణం మనిషి ఒక చుట్టు తోలి వచ్చి ఇక ఢోకా లేదన్నాడు. తిరుగు దారిలో నా కింద అదురు ఎక్కడికీ పోలేదు. తర్వాతి రోజు మిర్యాలగూడలో హరిలాల్ దగ్గరికి పోయాం. స్టీరింగ్ పనిలో చుట్టుపక్కల ఆయనకు పేరుంది. ప్రవీణ్ కూడా దుకాణం మూసి మాతో వచ్చాడు. హరిలాల్ ముందు చక్రాలు ఊపి చూశాడు, కొలిచాడు, స్వయంగా నిడమనూరు రోడ్డులో చాలా దూరం తోలాడు. నేను ఆయన షెడ్డులోనే కూర్చుని ఉన్నాను. వచ్చి, స్టీరింగ్ బంగారంలా ఉంది, దొరకని తప్పుకు నేను పైసలు తీసుకోను బిడ్డా అన్నాడు. మంచి మనిషి. కానీ ఆ మంచితనంతో మనూ చివరి ఆశ కూడా పోయింది.

నేరేడుచర్ల దాటాక చాయ్ కోసం ఆగాం. మనూ గ్లాసు ముట్టలేదు. కళ్లు తుడుచుకుంటూ, హైదరాబాద్ ఉద్యోగానికే మళ్లీ ఫోన్ చేస్తానంది. ప్రవీణ్ చెల్లెల్ని ఓదార్చబోయి పుండు మీద కారం చల్లాడు. పాత కమాన్లు ఎక్కడున్నాయి, ఆదివారం లోపల నేనే సాయం పట్టి దించుతాను అన్నాడు. అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. ఇన్నాళ్ల సోడాలూ ఒక్కసారే పొంగాయి.

"ఎవడొచ్చినా ముందట కూసోనే తోలుతడు, ముందటనే ఎతుకుతడు. అదిరేది నా కింద. మీ ఇంట్ల ఎవరన్న ఒక్కసారన్న ఎనక కూసున్నరా? జీపు నీదే కదనే, నువ్వు కూసున్నవా?"

మనూ ఏడుపు ఆపి నా వంక చూసింది. అది ఎప్పుడూ తోలేది, లేదంటే కింద పడుకుని బిగించేది. తన జీపులో వెనక కూర్చుని ఒక్క కిలోమీటరు పోలేదు. తాళాలు అన్న చేతిలో పెట్టి, నా పీట మీద కాలు మోపి వెనక్కి ఎక్కింది.

ప్రవీణ్ వేగం పెంచాడు. అదురు మొదలైంది. నేను దాని మొహం చూస్తూ ఉన్నాను. ముందు కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత సీటు మీద చెయ్యి పెట్టింది, వంగి అడుగు రేకు మీద అరచెయ్యి ఆనించింది. ఇంత ఉందా అత్తా అంది. ఇంకా ఎక్కువే ఉంటుంది, ఇవాళ రోడ్డు బాగుంది అన్నాను. చివరికి ఒకరు నా మాట నమ్మారన్న సంతోషంలో నడుం నొప్పి కూడా మరిచిపోయాను.

"అన్నా, అదే స్పీడ్‌ల కాలు తియ్యి" అంది. ప్రవీణ్ యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాడు. బండి ఇంకా ఆ ఊపులోనే పోతోంది, కానీ నా కింద అదురు ఆగిపోయింది. మళ్లీ తొక్కమంది, మళ్లీ వచ్చింది. తీయమంది, పోయింది. ఈసారి న్యూట్రల్ చేయించింది. జీపు అంత వేగంలోనూ నిశ్శబ్దంగా జారింది. మనూ నా తొడ మీద గట్టిగా ఒక చరుపు చరిచింది.

"టైరైతే కాలు తీసినా తిరుగుతనే ఉంటది కదత్తా, అదురు కూడా ఉండాలె. ఇది ఇంజన్ గుంజినప్పుడే వస్తంది. నీ కింద ఉన్న షాఫ్ట్‌ల ఉన్నది రోగం."

ఇంటికి రాగానే చాప పరుచుకుని కిందికి దూరింది. నేను పీట వేసుకుని పక్కనే కూర్చున్నాను. సెల్‌ఫోన్‌లో వాలు చూపించేది ఏదో ఉందట, ఆ ఫోన్‌ను షాఫ్టు ఈ కొసకూ ఆ కొసకూ ఆనించి చూస్తోంది.  తర్వాత కింద నుంచి నవ్వు వినబడింది. బయటికి జరిగి, నుదురు కొట్టుకుని, గ్రీజు అంతా అక్కడ పూసుకుని, తప్పు నాదే అత్తా అంది. ఆ మాట అంత సంతోషంగా అన్నవాళ్లను నేను చూడలేదు.

అది చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఇంజన్ బలాన్ని వెనక ఇరుసుకు మోసుకుపోయేది ఒక పొడుగు షాఫ్టు. దానికి రెండు కొసలా వంగే జాయింట్లు ఉంటాయి. జీపు ఎత్తు పెరిగాక షాఫ్టు ఏటవాలుగా పడింది. వంపు చూడలేక మనూ ఇరుసుకు షాఫ్టు కలిసే చోటు పైకి చూసేలా, కమాన్ల కింద వాలు ఇనుప ముక్కలు పెట్టి ఎత్తింది. ఏదో వీడియోలో అలా చేస్తే చూసిందట. అందులోది వేరే రకం షాఫ్టు. ఇక్కడ మాత్రం కింది జాయింటు చక్కగా నిలబడి, వంపంతా పై జాయింటు మీద పడింది. అది ఒక్కటే తిరిగిన ప్రతిసారీ గింజుకుంటుంటే ఆ అదురు ఇరుసు మీదుగా నాకు వచ్చేది.

"చక్కగ ఉంటే మంచిదనుకున్న అత్తా. ఈ షాఫ్ట్‌కు రెండు దిక్కులా సమానంగ వంగాలె. ఒకటి వంగి ఒకటి వంగకపోతే బండి మొత్తం అదురుతది."

ఈ మాట మీ నాన్నకు చెప్పవే అన్నాను. అది కిసుక్కున నవ్వి మళ్లీ కిందికి పోయింది. ఆ ఇనుప ముక్కలు తీసి, బోల్టులు బిగించి, ఫోన్ పెట్టి రెండు కొసల వాలూ ఒకటే అని చూసుకుంది. పొద్దు గుంకకముందే హైవే ఎక్కాం. ప్రవీణ్ తోలాడు, మేమిద్దరం వెనక. వేగం పెరిగింది, ఇంకా పెరిగింది. ఎలా ఉంది అత్తా అని అడిగింది. నిద్రొస్తుందే అన్నాను. అది నన్ను వాటేసుకుంది, నా కొత్త చీరకు గ్రీజంతా అయింది. పోనీ అనుకున్నాను.

ఆదివారం పొద్దున దామోదర్ ఇస్త్రీ బట్టలేసుకుని వచ్చాడు. చూడటానికి బీరప్ప కూడా వచ్చాడు. హోటల్ నుంచి అంచు దాకా పోయించిన గాజు గ్లాసు చాయ్ తెచ్చారు. దామోదర్ అలవాటు కొద్దీ ముందు తలుపు మీద చెయ్యి వేశాడు.

"గాడ కాదు నాన్నా. ఎనక" అంది మనూ.  "అదిరింది ఎనక. పరీక్ష కూడ ఆడనే."

దామోదర్ దాన్ని చూశాడు, బీరప్పను చూశాడు, చివరికి నా వైపు చూశాడు. నేను అప్పటికే ముందు సీట్లో కూర్చుని తలుపు ధన్‌మని వేసుకున్నాను. ప్రవీణ్ పీట తెచ్చి కింద పెట్టాడు. నాకెందుకురా అని దాన్ని కాలితో పక్కకు నెట్టి, దామోదర్ రేకు పట్టుకుని ఎగబడ్డాడు. ఒకసారి జారాడు. రెండోసారి మోకాలు ఆనించి, ఇస్త్రీ ప్యాంటుకు దుమ్ము పట్టించుకుని ఎక్కాడు. బీరప్ప ఎక్కి పక్కన కూర్చున్నాక గ్లాసు అందించారు.

మనూ తోలింది. ముందు సీటు ఇంత మెత్తగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. హైవే ఎక్కాక అద్దంలో వెనక్కి చూశాను. దామోదర్ ఓట్ల లెక్కింపు చూస్తున్నట్టు గ్లాసులోకే చూస్తున్నాడు. ఇంజన్ గుంజుతోంది, బండి వేగం అందుకుంది. మనూ చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. అదురు వచ్చే వేగం వచ్చింది, దాటింది. వెనక నుంచి ఏ మాటా లేదు. మునగాల వచ్చేసరికి దామోదర్ గ్లాసు చూడటం మానేసి, వెనక అద్దంలోంచి జారిపోతున్న రోడ్డును చూస్తున్నాడు. అప్పుడన్నాడు.

"మనూ, జర స్పీడ్ పెంచు."

నా గుండె నిండిపోయింది. మనూ పెంచింది. చేతులు వదులయ్యాయి. బీరప్ప తల వెనక్కి వాల్చి నోరు తెరిచి గురక పెడుతున్నాడు.

సూర్యాపేటలో ఆగాక చూస్తే చాయ్ మీద మీగడ కట్టి ఉంది. చుక్క తొణకలేదు. దామోదర్ ఆ చల్లటి చాయ్‌ను ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు బీరప్ప చేతిలో పెట్టి, జేబులోంచి ఫోన్ తీశాడు. టైల్స్ ఆయనకు చేశాడు. షట్టర్ లేదని, మా బిడ్డ వర్క్‌షాప్ పెడుతోందని, జీపులేమైనా ఉంటే పంపమని చెప్పాడు. చెబుతున్నంతసేపూ అటు తిరిగి నిలబడ్డాడు. మనూ స్టీరింగ్ మీద తల ఆనించి కూర్చుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నేను అడగలేదు.

తిరుగు ప్రయాణానికి నేను దిగి, పద్ధతి ప్రకారం ముందు సీటు తలుపు తెరిచి పట్టుకున్నాను. వాడు నా పక్క నుంచి నడుచుకుంటూ వెనక్కి పోయాడు. ఆ ఎత్తు వైపు ఒకసారి చూశాడు, మోకాలు రాసుకున్నాడు.

"అక్కా," అన్నాడు, "ఆ పీట జర ఇటియ్యి."