కనెవీనో అనే మాటకు ఒక కార్డు

బడిపంతులమ్మగా రిటైరయ్యాక తెగ్వెన్, వెల్ష్ భాషా నిఘంటువు వాళ్ళకు మాటలు ఏరిపెట్టే పని నెత్తికెత్తుకుంది. మాటకో కార్డు: అర్థం, పుట్టుక, రూపాలు. ఈసారి వచ్చిన క్రియ ‘కనెవీనో’. గొర్రె తన కొండను ఎరిగి, ఆ చోటికి అలవాటుపడడం. ‘కనెవిన్’ అంటే ఎరిగిన చోటు. క్రియ అందులోంచే పుట్టింది. ఆ ‘కనెవిన్’ ఎక్కడిదన్న దగ్గర ఆవిడ ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుంది. తెలియనిది తెలిసినట్టు రాయడం ఆవిడకు గిట్టదు.

కొండ సంగతులు అడుగుదామంటే అన్న ఇద్వాల్ ఇంట్లోనే ఉన్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, మార్చిలో కొండమీది గొర్రెల మేత కౌలు వదులుకుని బాలా ఊళ్ళో చెల్లెలి పంచన చేరాడు. కౌలుదారు మారినా మంద కొండమీదే ఉండాలన్నది అక్కడి కట్టుబాటు. ఈయన మటుకు పది ముసలి గొర్రెలను ట్రెయిలర్ ఎక్కించుకొచ్చి ఆవిడ పెరట్లో విడిచాడు. పళ్ళూడిన వాటితో కొత్తవాళ్ళకేం పని అన్నాడు. అవేమో పచ్చగడ్డి మానేసి, పొద్దస్తమానం గేటు దగ్గర కొండవైపు మొహం పెట్టుకుని నిలబడేవి.

మే నెలలో కొత్త కౌలుదారు మెరేరిద్ వచ్చింది. పాతికేళ్ళ పిల్ల. చలికాలం సముద్రపు ఒడ్డు పొలాల్లో మేసి తిరిగొచ్చిన నిరుటి గొర్రెపిల్లలు కొండమీద నిలవడం లేదట. రోజూ రోడ్డు మీదకు దిగిపోతున్నాయట. నిన్న రెండు లారీ కింద పడ్డాయట. కంచె వేస్తానంటే, కొండకు కంచేమిటని ఊరంతా నవ్వుతోందట.

“ఏం చెయ్యాలో మీరే చెప్పండి, ఇద్వాల్ గారూ. ఇలాగైతే మంద దక్కదు.”

ఆయనకు తెలియనిదా! పిల్లకు కొండ చూపించేది తల్లే. ఏ వాగు దగ్గర ఆగాలో, ఏ బండ దాటకూడదో తల్లి వెంట తిరిగే నేర్చుకుంటుంది. మందకు ముందు నడిచే ఆ ముసలి తల్లులనే ఈయన ఎత్తుకొచ్చాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

“తప్పు నాదేనమ్మా. ఒంటరిగా రాలేక వాటిని వెంట తెచ్చుకున్నా.”

ఆ మధ్యాహ్నమే కొండ మొదట్లో ట్రెయిలర్ తలుపు తీశాడు. తోలడానికి కుక్క అవసరమే రాలేదు. పదీ బారుగా పైకి వెళ్ళిపోయాయి, ఒక్కటైనా వెనక్కి తిరగలేదు. పెంచిన చెయ్యి కదా, ఆయనకు కష్టంగానే తోచింది.

ఇంటికొచ్చాక తెగ్వెన్ కార్డు చదివి వినిపించింది. కనెవినైస్, నేను అలవాటుపడ్డాను. కనెవినైస్ట్, నువ్వు అలవాటుపడ్డావు. కనెవినోధ్, అది అలవాటుపడింది.

“ఆఖరిది నిజం, కళ్ళారా చూశాంగా,” అన్నాడు ఇద్వాల్. “మొదటిది మాత్రం నా పేరు చెప్పి రాయకు చెల్లీ. నా వల్ల ఇంకా కాలేదు.”

నిఘంటువులో నీ పేరెవడు వేస్తాడన్నయ్యా అని ఆవిడ నవ్వి, అన్ని రూపాలూ రాసి కవరు అంటించింది.

మర్నాడు పొద్దున పోస్టు చెయ్యడానికి బయల్దేరుతూ పెరట్లోకి చూసింది. గొర్రెలు లేని గేటు దగ్గర ఇద్వాల్ కొండవైపు మొహం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. గట్టు మీద టీ చల్లారిపోయింది. తెగ్వెన్ కవరు బల్లమీద పెట్టి, ఇంకో కప్పు కలుపుకొచ్చి ఆయన పక్కన నిలబడింది.