నాలుగో ఎముక కింద

గ్యాస్ కట్టేశానో లేదో చూడ్డానికి నేను రెండోసారి వంటింట్లోకి వెళ్తుంటే మా ఆయన చెప్పులు వేసుకుంటూ నవ్వాడు. “ఇన్ని అనుమానాలతో జనం నడుములెలా కోస్తావే?” అత్తయ్య కూడా నవ్వింది. నేనూ నవ్వాను. పదిహేనేళ్లుగా నవ్వుతున్నాను. అదీ ఇంటిపనే.

నడుములు కోసేది నేనని ఇంట్లో అంటారు గానీ, ఆస్పత్రిలో నేను పెద్ద డాక్టరుగారి పక్కన నిలబడే సహాయ సర్జన్ని. ఆయన కోసం ఎవరైనా వస్తే “ఇద్దరికి టీ చెప్పమ్మాయ్” అంటారు. నాకు నలభై మూడేళ్లు.

ఆ రోజు బల్ల మీద మత్తులో బోర్లా పడుకుని ఉన్నది లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ. నడుములో నాలుగో ఎముకకీ అయిదో ఎముకకీ మధ్య డిస్క్ జారి, కాలికి పోయే నరాన్ని నొక్కుతోంది. చర్మం మీంచి ఎముకలన్నీ ఒక్కలాగే తగులుతాయి. అందుకని ముందు తుంటి ఎముకల పై అంచులు రెండూ తడిమి, వాటిని కలుపుతూ ఒక గీత ఊహించుకుంటాం. అది దాదాపు నాలుగో ఎముక మీదుగా పోతుంది. దాదాపుగానే. అడుగున ఉండే త్రికాస్థి నుంచి పైకి లెక్కపెట్టి సరిచూసుకుంటాం. కానీ ఈవిడకి అయిదో ఎముక పుట్టుకతోనే త్రికాస్థికి అతుక్కుపోయింది. కింది నుంచి లెక్కపెడితే ఒకటి తప్పి, నాలుగోదే అయిదోది అనిపిస్తుంది. ముందురోజు ఎక్స్‌రేల్లో చివరి పక్కటెముక నుంచి కిందికి లెక్కపెట్టి, ఆ సంగతి కేసు షీట్లో రాశాను. ఎవరూ చదివినట్టు లేదు.

పెద్ద డాక్టరుగారు వేలితో నొక్కి చూసి పెన్నుతో గుర్తు పెట్టారు. నా లెక్కలో అది ఒక ఎముక పైన.

“సార్, సూది పెట్టి ఒక ఎక్స్‌రే తీద్దాం.”

“ముప్పై ఏళ్ల చెయ్యమ్మాయ్ ఇది. నీకన్నీ అనుమానాలే.”

మాస్కుల పైన అందరి కళ్లూ నవ్వాయి. అలవాటు కొద్దీ నాకూ నవ్వు రాబోయింది. కానీ నా ముందు ఆవిడ వీపు ఉంది. తప్పుచోట తెరిస్తే నొప్పి ఎక్కడిదక్కడే ఉంటుంది, మచ్చ మాత్రం కొత్తది. మళ్లీ అదే కాలు ఈడ్చుకుంటూ ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడుతుంది. ఆపరేషన్ చేయించాక కూడా నటిస్తోందని ఇంట్లోవాళ్లు అంటారు. ఆ మాట ఏ గొంతుతో అంటారో కూడా నాకు తెలుసు.

“అనుమానమే సార్. తీరాకే మొదలుపెడదాం,” అన్నాను. గొంతు పెంచలేదు. నర్సు చేతిలోంచి సూది అందుకుని ఆ గుర్తు దగ్గర నేనే పెట్టాను.

తెర మీద సూది మొన మూడో ఎముకకీ నాలుగో ఎముకకీ మధ్య ఉంది. ఆయన కాసేపు చూసి, “ఊఁ. కిందికి జరుపు,” అన్నారు. ఆ తర్వాత పనంతా ఆయనే చేశారు. చక్కగా చేశారు.

మర్నాడు నేను వార్డుకి వెళ్లేసరికి ఆవిడ కాలు చాపి వేళ్లు ఆడించి చూపించింది. “మంట పోయిందమ్మా. పెద్ద డాక్టరుగారి చెయ్యి మంచిదని మా ఆయన ఒకటే పొగుడుతున్నాడు.”

మామూలుగా అయితే తలూపి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయేదాన్ని. ఆ రోజు స్టూలు లాక్కుని కూర్చున్నాను.

“ఆయన చెయ్యి మంచిదే,” అన్నాను. “ఎక్కడ కొయ్యాలో చెప్పింది మాత్రం నేను.”