తల తిప్పుకున్న కాకి

ఎడమ కాలి మడమతో రాయిని రెండుసార్లు తట్టి, తల వంచి విన్నాడు ఫిర్మీనో. కింద ఇసుక కుంగలేదు. "ఇది తొంభై మూడులో మేం పరిచిందే," అన్నాడు తృప్తిగా.

"నిన్నెవరడిగారయ్యా?" అంది ఒటీలియా. "పండగ పూట పెళ్ళానికి ఊరు చూపిస్తానని బయల్దేరదీసి, పొద్దుటినుంచీ నేలచూపులే! ఒక్కసారి తలెత్తితే మెడ విరుగుతుందా?"

ఆవిడ కోపంలో న్యాయం ఉంది. యాభై ఏళ్ళుగా మా లిస్బన్ కాలిబాటల మీద నల్లరాళ్ళూ తెల్లరాళ్ళూ పరుస్తున్న మనిషి ఫిర్మీనో. చిన్న పీట మీద కూర్చుని, ఎడమ అరచేతిలో రాయి పట్టుకుని, సుత్తితో చెక్కి, పక్క రాయికి ఆనించడం, ఇదే అతని బతుకు. ఎడమ బొటనవేలి గోరు ఏనాడూ నలుపు వదల్లేదు. మెట్లు దిగితే మోకాళ్ళు టకటకమంటాయి. ఊళ్ళో సగం వీధుల్ని చేత్తో తడిమాడు గానీ, ఆ వీధుల్లో మేడల పైకప్పులు ఏ రంగో అడిగితే చెప్పలేడు. కొలువు ముగిసింది, రేపు పొద్దున పురపాలక కొట్టుకి వెళ్ళి సుత్తి అప్పజెప్పేయాలి. ఆ తరవాత ఈ ఊరి రాయి మీద చెయ్యి వేసే హక్కు అతనికి ఉండదు.

అందుకే ఇవాళ ఆ సుత్తి అతని భుజాన సంచిలో, రొట్టె కింద దాక్కుని ఉంది. మద్రగోవా పేట సందులో ఒక పాత తప్పుంది. ఇవాళ దిద్దకపోతే ఇక ఎన్నటికీ దిద్దలేడు. ఒటీలియాకి ఈ సంగతి తెలియదు, తెలియకూడదు కూడా.

గ్రాసా కొండ దిగారు. సంత్ ఆంతోనియో పండగ రంగు కాగితాల తోరణాలు సందు సందునా వేలాడుతున్నాయి. ఒక గుమ్మం ముందు నిప్పుల మీద కాలుతున్న సార్డీన్ చేపల్ని రొట్టెముక్కల మీద వేయించుకుని, నూనె ముంజేతుల దాకా కారుతుండగా నిలబడి తిన్నారు. రోసియో మైదానంలో నలుపు తెలుపు రాళ్ళతో పరిచిన అలల మీదుగా నడుస్తూ ఒటీలియా కావాలని తూలింది. "పట్టుకోవయ్యా, మునిగిపోతున్నా!" అతను నిజంగానే కంగారుపడి పట్టుకున్నాడు. అరవై రెండేళ్ళ ఆవిడ పకపకా నవ్వుతుంటే అతనికి ప్రాణం లేచొచ్చింది.

"పెద్దాయనా, నీ పిల్లకి మంజెరికో ఇయ్యవా?" అని కేకేసింది మొక్కలమ్మే ఆవిడ. తులసిలాంటి చిన్నాకుల గుండ్రటి గుబురు, మధ్యలో కాగితం పువ్వు. ఈ పండక్కి మనసైనవాళ్ళకి అదే ఇస్తారు. ఫిర్మీనో కుండీ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకోబోయాడు.

"ముక్కు పెట్టకు! వాడిపోతుంది," అని గదమాయించింది ఒటీలియా. "అరచేత్తో నిమిరి, చెయ్యి వాసన చూడాలి. ఇంత వయసొచ్చింది, ఇంకెప్పుడు నేర్చుకుంటావు నాయనా?"

మద్రగోవా చేరేసరికి సాయంకాలం ఎండ ఏటవాలుగా సందులో పడుతోంది. ఫిర్మీనో సంచిలో చెయ్యి పెట్టి సుత్తి పిడి తడిమాడు. అదుగో, కాలిబాట మీద అతను రాళ్ళతో పరిచిన ఓడ. మా ఊరి గుర్తు అది. ఓడకి ఆ కొసనొక కాకి, ఈ కొసనొక కాకి, ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉండాలి. కాకులు రెండింటికీ చెక్క అచ్చు ఒకటే. మొదటి కాకి అయ్యాక అచ్చు తిరగేసి రెండోది పరవాలి. ఆ రోజు తిరగెయ్యడం మర్చిపోయాడు. రెండో కాకి ఓడకి వీపు పెట్టి, ఎదురింటి మేడకేసి చూస్తూ నిలిచిపోయింది. తల ఒక్కటి తిప్పితే చాలు. పదకొండు రాళ్ళు, గంట పని.

"నువ్వెళ్ళి ఆ హోటల్ బల్ల దగ్గర కూర్చో. కాళ్ళు నొప్పంటున్నావుగా," అన్నాడు.

"నేనెప్పుడన్నాను?" అంటూనే వెళ్ళింది ఒటీలియా. నాలుగడుగులేసి, రాతి మీద ఇనుము చప్పుడు విని వెనక్కి తిరిగింది. మొగుడు మోకాళ్ళ మీద ఉన్నాడు.

"ఏం చేస్తున్నావ్?"

"తల తిప్పుతున్నా."

"ఎవరి తల?"

"కాకిది."

"దాన్ని ముట్టుకున్నావంటే నీ తల తిప్పుతా!" పరుగున వచ్చి కాకి మీద కాలు పెట్టేసింది. "నా కాకి అది! నా కిటికీకేసి చూస్తోందని కాదూ నేను మెట్లు దిగొచ్చింది? నిన్ను చేసుకుంది?"

ఫిర్మీనో సుత్తి కింద పెట్టాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా దాచుకున్న మాట బయటపెట్టాడు.

"అది తప్పు, ఒటీలియా. కావాలని పెట్టింది కాదు. అచ్చు తిరగెయ్యడం మర్చిపోయా. నువ్వొచ్చి ఎవరికేసి చూస్తోందని అడిగితే, పనివాడిగా పరువు పోతుందని, నీ కిటికీకేసే అనేశా. అబద్ధం చెప్పి చేసుకున్నా నిన్ను."

ఆవిడ మొహం చూసే ధైర్యం లేక రాళ్ళకేసే చూస్తూ ఉండిపోయాడు.

"నువ్వు అచ్చు మర్చిపోయే మనిషివి కాదే," అంది ఒటీలియా మెల్లిగా. "ఆ రోజెలా మర్చిపోయావు?"

అతను పక్క రాయిని బొటనవేలితో తడుముతూ అన్నాడు. "పైన ఎవరో దుప్పటి దులిపారు. దుమ్ము మీద పడితే తలెత్తాను. ఎర్ర దుప్పటి. నువ్వు."

"ఓరి పిచ్చి మొహమా!" ఒటీలియా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "అయితే ఇందులో అబద్ధం ఎక్కడుందయ్యా?"

హోటల్లో ఎవరో అకార్డియన్ అందుకున్నారు. ఒటీలియా అతని రెక్క పట్టుకుని లేపింది. మోకాళ్ళు టకటకలాడుతుండగా ఆ సందులోనే నాలుగు చుట్లు ఆడారు. తరవాత మంజెరికో కుండీ ఆవిడ చంకన పెట్టుకుంది, రొట్టెల సంచి అతను భుజాన తగిలించుకున్నాడు, ఇంటిదారి పట్టారు. దారి పొడుగునా ఫిర్మీనో తలెత్తి బాల్కనీలూ పైకప్పులూ చూస్తూనే ఉన్నాడు. రెండుసార్లు కాలు తట్టుకుని తూలాడు. "కింద చూడవయ్యా మహానుభావా!" అని ఒటీలియా మందలిస్తూనే ఉంది.

మద్రగోవా సందులో, మేడ కిటికీకేసి చూస్తున్న కాకి పక్కన, సుత్తి అలాగే పడి ఉంది. దాని పిడి మీద, బొటనవేలు ఆని ఆని అరిగిన చోట, గుంటలో ఇంకా కాస్త ఎండ ఉంది.